ఈ ఊళ్లో ఎవరికీ చేతుల్లేవా?

మూడో సంవత్సరం ఫీజు కట్టడానికి ఈ నెలాఖరు వరకే గడువు. నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్‌లో నాకు రెండేళ్లు పూర్తయ్యాయి. మిగిలిన రెండేళ్లూ కాలేజీలోనే చదవాలా, లేక ఇంటికి వచ్చేసి సొంతంగా పోర్ట్‌ఫోలియో (పని ఇచ్చేవాళ్లకు చూపించడానికి ఏరి పెట్టుకున్న బొమ్మలు) తయారుచేసుకుని పని వెతుక్కోవాలా అన్న సందేహం ఫిబ్రవరి నుంచి నన్ను సరిగా నిద్రపోనివ్వలేదు. అమ్మతో ఒక మాట, స్నేహితులతో ఒక మాట చెబుతూ రోజులు నెట్టుకొచ్చి, చివరికి వేసవి సెలవులనే పరీక్షగా పెట్టుకున్నాను. తెనాలిలో మా ఇంట్లో ఉండి, కాలేజీ మానేసినట్టే భావించి, 60 రోజులు అలాగే బతికి చూడాలనుకున్నాను. అది ఎలా సాగిందో, ఆ తర్వాత ఏం నిర్ణయించుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

మానేయాలని ఎందుకు అనిపించిందో ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ కారణాలు తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. కాలేజీ పేరు అనవసరం. మా విభాగంలో సగానికి పైగా పోస్టులు ఖాళీగా ఉన్నాయి. పాఠాలు ఎక్కువగా గెస్ట్ ఫ్యాకల్టీ మీదే నడుస్తాయి. వాళ్లలో మంచి చిత్రకారులు లేకపోలేదు గానీ, జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషి సాయంత్రం ఆరింటి దాకా మా ఈజిల్ (బొమ్మను ఆనించుకునే చట్రం) పక్కన నిలబడాలని ఆశించడం న్యాయం కాదు. రెండో సంవత్సరంలో మోడల్‌కు ఇవ్వవలసిన డబ్బు మంజూరు కాకపోవడంతో లైఫ్ స్టడీ (ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీసే) తరగతులు సెమిస్టరులో పది జరగవలసిన చోట మూడే జరిగాయి. మిగిలిన రోజుల్లో ప్లాస్టర్ తలలనే మళ్లీ మళ్లీ గీశాం. హాజరు 75 శాతం ఉండాలి కాబట్టి ఏ తరగతీ జరగని మధ్యాహ్నాలు కూడా స్టూడియోలో కూర్చోక తప్పదు. వార్షికోత్సవం వచ్చిందంటే స్టేజీ వెనక తెరలు, స్వాగత ద్వారాలు, ముగ్గులు అన్నీ ఫైన్ ఆర్ట్స్ పిల్లల నెత్తినే పడతాయి. ఆ రెండు వారాల్లో నేను గీసుకున్న సొంత బొమ్మ ఒక్కటీ లేదు.

నేను చేయాలనుకుంటున్న పని పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం, వీలైతే యానిమేషన్ స్టూడియోలకు పాత్రలనూ ప్రదేశాలనూ రూపొందించడం. ఈ రంగంలో పని ఇచ్చేవాళ్లు సాధారణంగా డిగ్రీ అడగరు, ఒక లింకు పంపమంటారు. అందులో 12 నుంచి 20 దాకా బొమ్మలుంటే చాలు. చూసేవాళ్లకు తీరిక ఉండదు. గబగబా కిందికి జరుపుకుంటూ పోయి, అన్నిటికంటే బలహీనమైన బొమ్మ దగ్గర ఆగి, ఈ అమ్మాయి పని ఇంత దాకా దిగజారగలదన్నమాట అని లెక్క వేసుకుంటారు. పిల్లల పుస్తకాల వాళ్లు ఇంకో సంగతి కూడా చూస్తారు. ఒకే పాప మొదటి పేజీలో నవ్వుతూ, పదో పేజీలో ఏడుస్తూ, ఆ తర్వాత వెనక్కి తిరిగి పరుగెడుతూ కనిపించినా ఆ పాపేనని చదివే పిల్లలకు తెలియాలి. ఒక మంచి బొమ్మ వేయగలిగిన వాళ్లందరూ ఒకే మనిషిని 32 పేజీల పాటు నిలబెట్టలేరు. మా సిలబస్‌లో స్టిల్ లైఫ్ ఉంది, హెడ్ స్టడీ ఉంది, కాంపోజిషన్ ఉంది, ఆర్ట్ హిస్టరీ ఉంది, ఈ నేర్పుకు మాత్రం చోటు లేదు. బొమ్మలు చేయడానికి క్రిటా, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతున్నాయి, పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. అలాంటప్పుడు కాలేజీ దేనికి అన్న ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం.

మా బ్యాచ్‌లో ఒకడు మొదటి సంవత్సరం పరీక్షలు కాగానే మానేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఏడాది తిరిగేసరికి ఒక స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టుగా చేరాడు. వాడి పని చూస్తే నాకు అసూయ కలిగిన మాట నిజం. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ప్లాస్టర్ తలలేనా?" అని అడిగేవాడు. నా ఆలోచనకు మొదటి బీజం ఆ ఎగతాళే.

ఇటువంటి చర్చ వచ్చినప్పుడు మనవాళ్లు తప్పకుండా ఒక మాట అంటారు: బాపు గారు ఏ ఆర్ట్ కాలేజీలో చదివారు? నిజమే. ఆయన మద్రాసు విశ్వవిద్యాలయంలో లా చదివి 1955లో పట్టా పుచ్చుకున్నారు గానీ చిత్రకళ కోసం ఏ కళాశాలకూ వెళ్లలేదు. చందమామ, యువ పత్రికలకు ఏళ్ల తరబడి ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య (వపా) గారికి కూడా ఇంట్లో తండ్రే గురువు. ఈ రెండు పేర్లనూ నేను అమ్మ మీద అస్త్రాల్లా ప్రయోగించాను. వేసవి సగం గడిచాక గానీ ఆ ఉదాహరణల్లో నేను వదిలేసిన సగం నాకు కనిపించలేదు. బాపు గారు ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా పనిచేశారు. బొమ్మ ఫలానా గంటకు అచ్చుకు వెళ్లాలి, సంపాదకుడు చూడాలి, బ్లాకు చేసేవాడికి గీత అందాలి, మర్నాడు పొద్దున్నే వేలమంది చూడాలి. కాలేజీకి వెళ్లకపోయినా ఆయన బొమ్మను రోజూ ఎవరో ఒకరు నిలదీస్తూనే ఉన్నారు. వపా గారికైతే చిన్నతనంలో తప్పు దిద్దే చెయ్యి ఇంట్లోనే ఉంది, తర్వాత నెలనెలా పత్రిక గడువు ఉంది. వీళ్లను స్వయంకృషికి ఉదాహరణలుగా చెప్పడంలో తప్పు లేదు. అయితే ఒంటరిగా నేర్చుకున్నవాళ్లుగా చెప్పుకోవడం మాత్రం మన సౌకర్యం కోసం మనం అల్లుకున్న కథ.

రెండో వైపు ఉదాహరణలు కూడా ఉన్నాయి. చిన్నప్పుడు నాన్న నన్ను రాజమహేంద్రవరం తీసుకెళ్లి చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాల చూపించారు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కుర్రవాడైన రామారావు చేతి పని చూసి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. 1925లో, 28 ఏళ్లయినా నిండకుండానే మశూచితో చనిపోయిన మనిషి అన్ని బొమ్మలు, అంత నైపుణ్యంతో వేసి వెళ్లగలిగాడంటే, తొందరగా ఒక మంచి చోటికి చేరడం అందుకు కొంత కారణమై ఉంటుందని నాకు అనిపిస్తుంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు హైదరాబాద్‌లో చదివాక 1963లో బరోడా వెళ్లి, కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర కుడ్యచిత్రకళ, ముద్రణకళ అభ్యసించారు. ఆయన ఎచింగ్‌లలోని (లోహపు రేకు మీద గీసి కాగితం మీద ముద్రించే బొమ్మల్లోని) మేకలు, చెట్లు, పల్లె మనుషులు బరోడావి కావు, నిజాంపూర్‌వి. వాటిని రేకు మీదికి ఎక్కించే విద్య మాత్రం ఆయనకు బరోడాలో దొరికింది. ఈ రేకు సంగతి మళ్లీ చెబుతాను.

ఇక తెనాలి. ఏప్రిల్ ఆఖరి వారంలో నాన్న పాత షాపు గదిని ఖాళీ చేసి స్టూడియోగా మార్చుకున్నాను. నాన్న బోర్డు ఆర్టిస్టు. ఆ గదిలో ఇప్పటికీ గట్టిపడిపోయిన ఎనామిల్ డబ్బాలు, సుద్ద పూసి గీత కొట్టే దారం, గోడకు ఆనించిన కటౌట్ చట్రాలు ఉన్నాయి. పొద్దున ఐదున్నరకు బస్టాండుకు వెళ్లి మనుషుల స్కెచ్‌లు గీయడం, ఏడు నుంచి పదకొండు దాకా పోర్ట్‌ఫోలియో బొమ్మ, ఎండ మండే మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ పాఠాలు, సాయంత్రం మళ్లీ బొమ్మ. ఇదీ నా దినచర్య. 60 రోజుల్లో 16 పూర్తి బొమ్మలు, 600 స్కెచ్‌లు అని గోడ మీద సుద్దతో రాసి పెట్టుకున్నాను.

మొదటి రెండు వారాల్లో ఐదు బొమ్మలు పూర్తయ్యాయి. కాలేజీలో ఒక సెమిస్టరంతా కలిపి అన్ని వేయలేదు. ఆ ఉత్సాహంలో హైదరాబాద్ వెళ్లిన ఆ క్లాస్‌మేట్‌కు ఫోన్ చేసి, కాలేజీ మానేసి వచ్చేస్తున్నానని చెప్పేశాను కూడా. మూడో వారం నుంచి బండి నెమ్మదించింది. ఇంట్లో ఉన్న మనిషికి పని ఉంటుందని మన ఇళ్లలో ఎవరూ నమ్మరు. గ్యాస్ బండ వచ్చినా, కరెంటు బిల్లు కట్టాలన్నా, మామిడికాయలు ముక్కలు కొట్టాలన్నా, పెద్దమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా "అది ఇంట్లోనే ఉందిగా" అనేవాళ్లు. మేనమామ కూతురి పెళ్లికి ఆరు రోజులు పోయాయి. వాళ్లను అనవలసిన పని లేదు, నేను కూడా పెళ్లిలో సంతోషంగానే తిరిగాను. చివరికి లెక్క చూస్తే 9 బొమ్మలు, 370 స్కెచ్‌లు తేలాయి. అనుకున్నదానికి తక్కువే అయినా, దీన్ని నేను ఓటమిగా లెక్కపెట్టలేదు. అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది.

అది 47వ రోజు. అప్పటికి పూర్తయిన ఎనిమిది బొమ్మలను సుద్దదారానికి క్లిప్పులతో వేలాడదీసి, ఏ వరసలో పెడితే బాగుంటుందో చూసుకుంటున్నాను. నాన్న టర్పెంటైన్ సీసా కోసం లోపలికి వచ్చారు. సీసా చేతిలోకి తీసుకుని, వెళ్లబోతూ ఆగి, ఒక్కొక్క బొమ్మనూ కళ్లజోడు సర్దుకుని చూశారు. రంగులు బాగున్నాయన్నారు. రైల్వే గేటు దగ్గర రాత్రి వెలుతురు బాగా పట్టుకున్నానన్నారు. తర్వాత చాలా మామూలుగా అడిగారు:

"ఏంటమ్మా, ఈ ఊళ్లో ఎవరికీ చేతుల్లేవా?"

నాన్న వెళ్లాక లెక్కపెట్టాను. ఎనిమిది బొమ్మల్లో 14 మంది మనుషులున్నారు. వాళ్లకు ఉండవలసిన 28 చేతుల్లో కనిపిస్తున్నవి ఐదు, అందులో రెండు పిడికిళ్లు. మిగిలిన చేతులు ఒకటి పైట చాటున ఉంది, ఒకటి సంచి వెనక, ఒకటి బల్ల కింద, రెండు చొక్కా జేబుల్లో. చేపలు అమ్మే ఆమె చేతులు గంపలో మణికట్టు దాకా మునిగిపోయి ఉన్నాయి. సైకిల్ తొక్కుతున్న కుర్రాడి హ్యాండిల్ మీద ఒక తువ్వాలు కప్పి ఉంది. ఆ తువ్వాలు అక్కడ ఎందుకుందో నాకే తెలియదు. చేతులు గీయడం నాకు రాదని నాకు తెలుసు. కానీ ఇంత శ్రద్ధగా, ఇంత తెలివిగా, రోజుకొక కొత్త ఉపాయంతో దాన్ని దాచుకుంటున్నానని మాత్రం నాకు తెలియదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తితే నాన్న నవ్వారు. "మేం మాత్రం? కటౌట్‌లో హీరో చెయ్యి కుదరకపోతే పూలగుత్తి పెట్టేవాళ్లం. మా మేస్త్రి చూశాడంటే గుత్తి చెరిపేసి చెయ్యి గీయమనేవాడు" అన్నారు. నా దగ్గర లేనిది ఆ మేస్త్రి అని నాకు ఆ పూట అర్థమైంది.

నేను ఆ ఎనిమిది బొమ్మల్లో ఆరింటిని అప్పటికే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. వందల లైకులు వచ్చాయి. "సూపర్ అక్కా", "కలర్స్ అదిరాయి" అన్నవాళ్లే గానీ చేతుల మాట ఒక్కరూ ఎత్తలేదు, ఎత్తవలసిన అవసరం వాళ్లకు లేదు కూడా. అదే కాలేజీలో అయితే, నేను ఎంతగా విసుక్కున్న కాలేజీ అయినా సరే, నా పని సగంలో ఉండగానే పక్క ఈజిల్ వాళ్లు చూస్తారు. రెండో సంవత్సరం సబ్మిషన్‌లో ఒక గెస్ట్ లెక్చరర్ నా కాంపోజిషన్ ముందు నిలబడి "ఈవిడ చెయ్యి ఏదమ్మా?" అని అడిగారు. నీడలో ఉంది సార్ అన్నాను. ఆయన ఏమీ అనకుండా మార్కు తగ్గించారు, నేను వారం రోజుల పాటు ఆయన్ని తిట్టుకున్నాను. ఆ సంగతి నాన్న అన్న మాటతో గానీ మళ్లీ గుర్తుకు రాలేదు.

పోర్ట్‌ఫోలియో పనిలో ఒక చిక్కు ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. అది మనకు వచ్చినదాన్ని ఏరి చూపించే పని కాబట్టి, దాని కోసమే పొద్దున్నే లేచి కూర్చునే మనిషి తనకు రానిదాని జోలికి వెళ్లకుండా రోజులు గడిపేయగలదు, పైగా ఆ రోజులన్నీ ఎంతో కష్టపడినట్టే ఉంటాయి. స్టూడియోలో చేరిన మా క్లాస్‌మేట్‌కు ఈ సంగతి చెప్పి, నువ్వు ఎలా తప్పించుకున్నావని అడిగాను. హైదరాబాద్ వెళ్లిన తొలి ఎనిమిది నెలలు తనతో గదిలో ఉన్నది ఆ స్టూడియో సీనియర్ అట. రోజూ రాత్రి అన్నం తినే ముందు ఆ రోజు గీసింది చూపించాలని నియమం. ఇష్టపడని బొమ్మను ఆ సీనియర్ ఫైలులోంచి డిలీట్ చేసేవాడట. అంటే వాడు కాలేజీ వదిలినా మేస్త్రిని వదల్లేదు. ఇన్నాళ్లూ నాకు ఈ వివరం చెప్పకపోవడానికి కారణం అడిగితే, అడగలేదుగా అన్నాడు.

ఇప్పుడు రేకు సంగతి. రెండో సంవత్సరంలో మాకు ప్రింట్‌మేకింగ్ (ముద్రణకళ) పరిచయ తరగతులు జరిగాయి. మెరుగుపెట్టిన జింకు ప్లేటు మీద మైనమూ తారూ కలిసిన నల్లని పూత పూసి, అది ఆరాక సూదితో గీస్తే, గీసిన చోట పూత లేచి లోహం తళుక్కుమంటుంది. ఆ ప్లేటును నీళ్లు కలిపిన నైట్రిక్ ఆసిడ్‌లో ముంచితే గీత వెంబడి సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. వాటిని పక్షి ఈకతో మెల్లగా తోసేస్తూ ఉండాలి, లేకపోతే గీత సమంగా తినదు. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. పూత కడిగేసి, ఇంకు రుద్ది, పలచని బట్టతో పైపైన తుడిస్తే గాడిలో ఉన్న ఇంకు మాత్రమే మిగులుతుంది. దాని మీద తడిపిన కాగితం, ఆపైన ఉన్ని దుప్పటి వేసి ప్రెస్ చక్రం తిప్పుతాం. దుప్పటి ఎత్తి కాగితాన్ని ఒక మూల నుంచి ఒలిచినప్పుడు బొమ్మ కుడిఎడమలు తారుమారై బయటికి వస్తుంది. మొదటిసారి నా చేతి నుంచి వచ్చినది అరచేతిలో పట్టేంత కల్లుముంత బొమ్మ. క్రిటాలో ఎన్ని బ్రష్‌లు మార్చినా ఆ నలుపు రాలేదు.

ప్రెస్ ఇంట్లో కొని పెట్టుకునే వస్తువు కాదు, ఆసిడ్ తొట్టి ఇంట్లో ఉంచవలసిన వస్తువు అంతకన్నా కాదు. చెన్నైలో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో గ్రాఫిక్ (ప్రింట్‌మేకింగ్) స్టూడియో ఉంది గానీ, తెనాలి నుంచి అక్కడికి వెళ్లి గది అద్దెకు తీసుకుని పనిచేయాలంటే అది కాలేజీ కంటే ఖరీదైన వ్యవహారం. మూడో సంవత్సరంలో నాకు ప్రింట్‌మేకింగ్ వారానికి రెండు రోజులు వస్తుంది. నిరుడు బేరింగ్ పోయి ప్రెస్ ఒక సెమిస్టరంతా మూలపడి ఉన్న మాట వాస్తవమే. జూన్ మొదటి వారంలో సీనియర్‌కు ఫోన్ చేసి, బాగు చేయించారో లేదో కనుక్కున్నాను. తిరుగుతోందట. నా నిర్ణయంలో ఆ బేరింగ్‌కు ఉన్నంత బరువు డిగ్రీ పట్టాకు లేదంటే అమ్మకు కోపం వస్తుంది.

పట్టా గురించి కూడా చెప్పాలి, అందులో మా నాన్న కథ ఉంది. 1990లలో మా బజారులో బోర్డులు రాసేవాళ్లు ఏడుగురు. నాన్న డ్రాయింగ్ పరీక్షల్లో లోయర్ గ్రేడ్ పాసయ్యారు. హయ్యర్ కూడా పాసై, ఆపైన టీటీసీ (టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్) చేస్తే డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగానికి అర్హత వచ్చేది. 1999 ఎన్నికల ఏడాది గోడరాతలకు విపరీతమైన గిరాకీ ఉండి, చేతినిండా డబ్బు ఆడుతుంటే పరీక్ష ఫీజు కట్టడం మర్చిపోయారు, ఆ తర్వాత ఏటికేడాది వాయిదా వేశారు. నాలుగైదేళ్లు తిరిగేసరికి ఫ్లెక్సీ మిషన్ వచ్చింది. నాన్న మూడు రోజులు రాసే బోర్డు గంటలో, సగం ధరకు వచ్చేసింది. ఆ ఏడుగురిలో టీటీసీ ఉన్న ఇద్దరు బడుల్లో చేరారు, ఒకాయన ఊరు వదిలి వెళ్లారు, మిగిలినవాళ్లు నాన్నతో సహా ఇళ్లకు రంగులు వేసే పనిలోకి దిగారు. "చెయ్యి ఉంటే చాలనుకున్నాం, ఒక్క ఏడాదిలో చెయ్యి ఎవరికీ అక్కర్లేకపోయింది" అని నాన్న అంటుంటారు.

నేను ఇప్పుడు అడుగుపెట్టబోతున్న బజారులోకి కూడా ఒక ఫ్లెక్సీ మిషన్ వచ్చే ఉంది. వాక్యం రాస్తే బొమ్మ చేసిపెట్టే ఏఐ వల్ల తమ స్టూడియోలో చిన్న పనులు ఎలా మారిపోయాయో మా క్లాస్‌మేట్ చెబుతుంటాడు. మునుపు కొత్తగా చేరినవాళ్లు ఒక సన్నివేశానికి పది చిన్న నమూనాలు గీసేవాళ్లట. ఇప్పుడు లీడ్ ఆర్టిస్టు వాటిని మిషన్ చేత తీయించి, వంకరలు సరిచేయమని వీళ్లకు ఇస్తున్నాడట. తను చేరిన కొత్తలో ఎక్కువగా సరిచేసినవి వేళ్లేనని చెప్పాడు. ఆరు వేళ్లున్న చేతిని ఐదు వేళ్లకు తేవడం. చేతులు గీయడం రాని నాకు ఆ ఉద్యోగం కూడా రాదన్నమాట. ఈ మిషన్ ఎంతమంది పని తీస్తుందో లెక్క కట్టే శక్తి నాకు లేదు. అయితే పోర్ట్‌ఫోలియో ఒక్కటే ఆధారంగా పెట్టుకునే మనిషి, తన పోర్ట్‌ఫోలియోలో ఉన్న పని రెండేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు డబ్బిచ్చి చేయించుకునే పనేనా అని అడగక తప్పదు.

పట్టా వల్ల తెరుచుకునే తలుపులు ఎక్కువ కాదు గానీ, అది లేకుండా తెరుచుకోనివి కొన్ని ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లోనూ నవోదయల్లోనూ ఆర్ట్ టీచర్ కావాలంటే గుర్తింపు ఉన్న డిగ్రీయో డిప్లొమానో కావాలి. శాంతినికేతన్‌లోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో పీజీ చేయాలన్నా, అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎఫ్.ఏ. (ఫైన్ ఆర్ట్స్ పీజీ)కి దరఖాస్తు పెట్టాలన్నా ముందు డిగ్రీ అడుగుతారు. ఇవేవీ అక్కర్లేదని ఇరవై ఏళ్ల వయసులో చెప్పడం తేలిక. నాన్న హయ్యర్ గ్రేడ్ ఫీజు కట్టని ఏడాది కూడా ఆయనకు అది అక్కర్లేదనే అనిపించింది.

మధ్యే మార్గాలు కూడా కనుక్కున్నాను. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం రెండేళ్లకు డిప్లొమాతో బయటికి వచ్చి, తర్వాత మళ్లీ చేరే వీలు ఉండాలి. ఆఫీసులో అడిగితే మా బ్యాచ్ రెగ్యులేషన్‌లో అది లేదన్నారు. ఏడాది విరామం తీసుకుని, జూనియర్లతో కలిసి మూడో సంవత్సరంలో చేరవచ్చు, అందుకు ఒక అర్జీ, కొంత రుసుము చాలు. మానేసే ఆలోచన ఉన్నవాళ్లు టీసీ తీసుకునే ముందు ఈ విరామం సంగతి తప్పక అడగండి. ఎవరికి వాళ్లుగా అడిగితే తప్ప ఆఫీసులో ఎవరూ చెప్పరు. ఖర్చు విషయానికొస్తే, రీయింబర్స్‌మెంట్ పోగా హాస్టలు, రంగులు, కాన్వాసులు, ప్లేట్లు కలిపి నాకు ఏడాదికి 70 వేల దాకా అవుతోంది. ఇంట్లో ఉంటే అందులో సగం మిగులుతుంది. సంపాదన మాత్రం ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. ఈ వేసవిలో నాకు వచ్చిన ఒకే ఒక్క పని ఒక పెళ్లి శుభలేఖ మీద వధూవరుల బొమ్మ. దానికి 2,500 రూపాయలు ఇచ్చారు. అందులో కూడా వధువు చేతుల్ని పూలదండ వెనక దాచేశాను.

కాబట్టి మూడో సంవత్సరంలో చేరుతున్నాను. కాలేజీ మారుతుందన్న భ్రమతో మాత్రం వెళ్లడం లేదు. అక్కడ నాకు కావలసినవి మూడే ఉన్నాయని తెలిసి వెళ్తున్నాను: ప్రెస్, లైఫ్ స్టడీ జరిగినన్ని రోజులు, పక్క ఈజిల్ వాళ్ల కళ్లు. మోడల్ రాని రోజున మాలో మేమే వంతుల వారీగా కూర్చోవాలని ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం. ప్రతి శనివారం సాయంత్రం ఆ వారం గీసిన బొమ్మల్లో బాగా రానివి మాత్రమే ఒకరికొకరు చూపించాలన్నది రెండో నియమం. బాగా వచ్చినవాటిని ఇన్‌స్టాగ్రామ్ చూసుకుంటుంది. స్వాగత ద్వారాలకు ఈసారి రానని చెబుతాను. ఇంటర్నల్ మార్కులు కొన్ని పోతే పోతాయి. పోర్ట్‌ఫోలియో కోసం విడివిడి బొమ్మలు వేయడం ఆపి, మా అమ్మమ్మ చెప్పే ఒక కథను 32 పేజీలుగా పంచుకుని, రెండేళ్లలో పూర్తి చేయాలనుకుంటున్నాను. వచ్చే మే నాటికి ప్రెస్ మళ్లీ మూలపడి, లైఫ్ స్టడీ మళ్లీ మూడు తరగతులకే పరిమితమైతే, అర్జీ పెట్టి విరామం తీసుకుంటాను. ఆ మాట ఇంట్లో కూడా చెప్పాను. అమ్మ వినిపించుకోనట్టు ఊరుకుంది.

నన్ను ఈ సలహా అడిగిన ఇద్దరు జూనియర్లకు నేను వేరువేరు జవాబులు చెప్పాను. ఒకమ్మాయికి అన్నయ్య హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలో ఉన్నాడు, ఉండటానికి చోటు ఉంది, రోజూ తప్పులు పట్టే మనిషి ఇంట్లోనే ఉన్నాడు, బోధన మీద ఆసక్తి లేదు. ఆమెను విరామం తీసుకుని వెళ్లి చూడమన్నాను. రెండో అతను నాలాగే ఊళ్లో ఒక గదిలో కూర్చుని, ఆన్‌లైన్ పాఠాలు చూసి, ఏడాదిలో పోర్ట్‌ఫోలియో చేస్తానంటున్నాడు. నీ బొమ్మ సగంలో ఉండగా చూసి, ఇది బాగా లేదని చెప్పేవాళ్లు ఎవరున్నారని అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు, ఇంకా చెప్పలేదు.

ఫీజు సోమవారం కట్టేశాను. తొమ్మిదో బొమ్మను పూర్తి చేశాక కొత్తది మొదలుపెట్టకుండా, మిగిలిన రోజులన్నీ నాన్న చేతులు గీశాను. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని ఆయన అరగంట సేపు కదలకుండా ఉంటారు. కుడి చూపుడువేలి పక్కన కుంచె పట్టీ పట్టీ కాయ కాసింది. రోలర్ పట్టడం మొదలుపెట్టాక అరచేతిలో ఇంకో కాయ వచ్చింది. గోళ్ల అంచుల్లో ఎప్పటిదో ఆకుపచ్చ ఎనామిల్ ఉంది, ఎంత కడిగినా పోదు. ఇప్పటికి పదకొండు షీట్లు అయ్యాయి. నిన్నటి షీటు చూసి, బొటనవేలు పక్కకు అతికించినట్టుందనీ, అరచేతి లోపలి నుంచి మొదలవ్వాలనీ చెప్పి, తన చెయ్యి తిప్పి చూపించారు. పన్నెండోది ఇవాళ సాయంత్రం.